తోడల్లుడికి నేను ఎంచి ఇచ్చిన తెల్ల పువ్వు

ఆ శనివారం ఒంగోలు దుకాణంలో నేను చేసిన తప్పు ముందే చెప్పేస్తాను. రెండు ఎనిమోనీలలో ఏది మంచిదో చెప్పమని నా తోడల్లుడు అడిగితే, చావబోయేదాన్ని చూపించి ఇదే మంచిదన్నాను. తెలియక కాదు, తెలిసే అన్నాను.

ఎనిమోనీ సముద్రంలో రాళ్ళను పట్టుకుని బతికే ప్రాణి. చూడటానికి విచ్చుకున్న పువ్వులా ఉంటుంది. దాని పైన రేకుల్లా ఉండే మెత్తటి వేళ్ళు నీళ్ళలో ఊగుతుంటే, నారింజ రంగు మీద తెల్ల చారలుండే క్లౌన్ చేపలు ఆ వేళ్ళ మధ్య దూరి కాపురం పెడతాయి. మా ఇళ్ళలో ఆ పేరు ఎవరికీ నోరు తిరగక అందరూ పువ్వనే అంటారు.

సముద్రానికి ఇంత దూరాన ఉప్పునీళ్ళ ట్యాంకు పెట్టుకోవడం మా చుట్టాల్లో నాతోనే మొదలైంది. మార్కాపురంలో నాకు వాటర్ ప్లాంటు ఉంది. మా వైపు బోరు నీళ్ళు తాగితే పళ్ళు గారపడతాయి కాబట్టి క్యాన్ల వ్యాపారానికి ఏ కాలమూ అడ్డురాదు. ప్లాంటు నీళ్ళను ఇంకో ఫిల్టరుకు ఎక్కిస్తే అందులో ఏమీ మిగలదు. ఆ నీళ్ళలో సముద్రపు ఉప్పు కలిపి, రాళ్ళు పేర్చి, లైటు బిగించి హాల్లో ట్యాంకు పెట్టాను. ఇంటికొచ్చినవాళ్ళు దాని ముందు ఆగి నోరు తెరిచేవాళ్ళు. అది నాకు బాగుండేది.

నా భార్య చెల్లెలి భర్తకు బేస్తవారిపేటలో వెల్డింగ్ షాపు ఉంది. మా ట్యాంకు చూసి ముచ్చటపడి తనూ ఒకటి చేసుకున్నాడు. కొనలేదు, చేసుకున్నాడు. అద్దాలు కోయించి, తనే అతికించి, స్టాండు తనే వెల్డింగ్ చేసుకున్నాడు. నా ట్యాంకులో సగం కూడా ఉండదు. వారం వారం బండి మీద వచ్చి నా ప్లాంటులోనే ఆ రెండో ఫిల్టరు నీళ్ళు పట్టుకుపోయేవాడు. మొదట్లో నేను పెద్దరికంగా ఇచ్చాను. తర్వాత్తర్వాత క్యాను నింపుతుంటే చేతికి బరువనిపించేది. నా నీళ్ళతోనే వాడి ట్యాంకు నా ట్యాంకు కంటే బాగా ఎదుగుతోంది మరి. వాడి రాళ్ళ మీద ఊదారంగు పొర పాకింది. నా రాళ్ళ మీద పాచి పట్టింది. వాడి చేపల జంట ఒకదాన్నొకటి విడవకుండా తిరిగేది. నావి ఒకటి ఈ మూల, ఒకటి ఆ మూల.

ఇదంతా ఓర్చుకునేవాణ్ణేమో. మా అత్త సంగతి మాత్రం ఓర్చుకోలేకపోయాను. ఆమె చిన్నకూతురి దగ్గరే ఉంటుంది. నా ట్యాంకు ముందు ఆమె ఏనాడూ కూర్చోలేదు. వాడి ట్యాంకు ముందు మాత్రం పొద్దున్నే పీట వేసుకుని కూర్చునేది. మా ఇంటికొచ్చినా అదే మాట. "మా చిన్నల్లుడి చేతిలో ఏముందో గాని, ఇనుము ముట్టినా బతుకుతది, నీళ్ళు ముట్టినా బతుకుతది." నా ముందే అనేది. నన్ను నొప్పించాలని కాదు. నేను నొచ్చుకుంటానని ఆమెకు తట్టేదే కాదు.

నేను అంతకుముందు ఒక ఎనిమోనీ తెచ్చి పోగొట్టుకున్నాను. తెల్లగా మెరుస్తోందని ముచ్చటపడి కొన్నాను. ఆ తెలుపు అందం కాదని తర్వాత తెలిసింది. దాని ఒంట్లో నాచు రేణువులు ఉంటాయి. వెలుతురు తిని దానికి అన్నం పెట్టేవి అవే. దానికి గోధుమరంగో ఆకుపచ్చో వచ్చేది వాటివల్లే. అవి పోతే ఒళ్ళు తెల్లబారుతుంది, తర్వాత ఆకలితో కుళ్ళుతుంది. నాది ఒక్కపూటలో కుళ్ళి నీళ్ళన్నీ పాలలా చేసి, ఉన్న చేపలనూ చంపింది. అడిగినవాళ్ళందరికీ కరెంటు పోయి మోటారు ఆగిపోయిందని చెప్పాను. తోడల్లుడికీ అదే చెప్పాను. తర్వాత కొత్త చేపల జంటను తెచ్చుకున్నాను.

ఆ శనివారం పొద్దున వాడు తన బండి మా ఇంటి ముందు పెట్టి నా కారెక్కాడు. ఇద్దరికీ చెరో ఎనిమోనీ కావాలి. దుకాణంలో రెండే ఉన్నాయి. ఒకటి గోధుమరంగుది. ముడుచుకుని, మట్టి అంటుకున్నట్టు ఉంది. కానీ అడుగునుండే పాదం అద్దాన్ని గట్టిగా పట్టుకుంది, నోరు బిగించి ఉంది. రెండోది మల్లెపూవంత తెలుపు, వేళ్ళ కొసలు మాత్రం ఊదా. బాగా విచ్చుకుంది గానీ పాదం దేన్నీ పట్టుకోలేదు. నోరు కొంచెం వదులుగా ఉంది. ఒక్క చూపుకే నాకు అర్థమైంది.

"అన్నా, నాకేం తెలీదు. నువ్వు చెప్పిందే," అన్నాడు వాడు, అద్దానికి మొహం ఆనించి.

"తెల్లది తీసుకో తమ్ముడూ. అట్లాంటిది ఊరికే దొరకదు."

"అంత మంచిదైతే నువ్వే తీసుకో అన్నా. పెద్దోడివి. నాకు ఆ మట్టిముద్ద చాలు."

అప్పుడైనా ఆగవచ్చు. వాడే దారి ఇచ్చాడు. నేను వాడి భుజం మీద చెయ్యేసి, "నీ ట్యాంకుకే అందం అది. నేను మామూలుదాంతో సర్దుకుంటాలే," అన్నాను. దుకాణదారుడు నా వైపోసారి చూసి, "మీ అన్నయ్యగారు మంచోరండీ," అంటూ సంచుల్లో గాలి నింపాడు.

పొదిలి దగ్గర టీకి ఆగాము. వాడు థర్మోకోల్ పెట్టె కారులో వదలలేక ఒళ్ళో పెట్టుకునే టీ తాగాడు. టీ కొట్టాయన అడిగాడు: "ఏందబ్బాయా, ఐసుక్రీమా?"

"కాదు పెద్దాయనా, పువ్వు."

"పువ్వుకు పెట్టె ఏంది?"

"ఇది బువ్వ తింటది పెద్దాయనా. రొయ్యలు గూడా తింటది."

"మా ఇంట్లోనూ ఉండాది ఒక పువ్వు, రొయ్యలు లేంది ముద్ద దిగదు," అన్నాడాయన. వాడు టీ ఒలికేట్టు నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వులో నాకు బాధ లేదు. ఇది రాసుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, దారిపొడుగునా నా లోపల తియ్యగానే ఉంది. వాడి ట్యాంకు పాలలా మారడం, మా అత్త పీట తీసి గోడకు ఆనించడం నేను ముందే చూస్తున్నాను.

ఇంటికొచ్చాక వాడు పెట్టెను బండి ముందు తాడుతో కట్టుకుని వెళ్ళిపోయాడు. నేను గోధుమరంగుదాన్ని ట్యాంకులో వదిలాను. కాసేపటికే అది ఒక రాతి సందులో పాదం దింపి కుదురుకుంది. చేపలు ఇంకా దగ్గరికి పోలేదు. అయినా నేను గెలిచినట్టే కూర్చున్నాను.

సాయంత్రం నాలుగు దాటాక ఫోన్ మోగింది. మా వాళ్ళలో ఇంటికి కొత్తది ఏదొచ్చినా కృతజ్ఞత ప్రార్థన చేసుకుంటారు. బండి వచ్చినా, బోరు వేసినా, గొర్రె ఈనినా. పాస్టరుగారు రాకపోతే ఇంట్లో పెద్దవాళ్ళే చేస్తారు.

"అన్నా, పువ్వును ట్యాంకులో ఏసినాం. అత్త ప్రార్థన చేస్తానంటాంది. స్పీకర్ పెట్టినా, మీరిద్దరూ ఉండండి," అన్నాడు తోడల్లుడు. నా భార్య వంటింట్లోంచి వచ్చి కొంగు తలమీదికి లాక్కుని నా పక్కన నిలబడింది.

అత్త గొంతు వినిపించింది. "ప్రభువా, ఈ ఇంటికి ఈ చిన్న ప్రాణిని ఇచ్చినావు, నీకు స్తోత్రం తండ్రీ. మా పెద్దల్లుడు దగ్గరుండి ఏరి, మంచిది తమ్ముడికిచ్చి తాను మామూలుది తీసుకున్నాడు తండ్రీ. ఆయన మనసు పెద్దది. ఇన్నాళ్ళు ఆ బిడ్డను నేను ఒక్క మంచిమాట అన్న పాపాన పోలేదు తండ్రీ. నన్ను క్షమించు. ఆ బిడ్డను దీవించు."

ఏళ్ళ తరబడి నేను ఆశపడ్డ మాట అది. వచ్చింది. అటు అందరూ ఆమెన్ అన్నారు. నా భార్యా అంది. నా నోట ఆ మాట రాలేదు. సిగ్నల్ లేదన్నట్టు ఫోన్ కట్ చేశాను.

"ఆమెన్ అనలేదేంది?" అంది నా భార్య.

చెప్పాను. మొత్తం చెప్పాను. పాత పువ్వు ఎందుకు చచ్చిందో కూడా.

"కరెంటు పోయిందని నాకూ చెప్పినావు. ఆ రోజు నేను ఫ్యాను కిందే కూర్చోనుంటి," అంది ఆమె. ట్యాంకు దగ్గరికి పోయి గోధుమరంగుదాన్ని చూసింది. తర్వాత, "అది కుళ్ళితే వాళ్ళ చేపలన్నీ పోతాయి గదా? ఇంగా కూర్చున్నావేంది?" అంది.

గోధుమరంగుదాన్ని లాగబోతే వదల్లేదు. బలవంతం చేస్తే పాదం చిరుగుతుంది, చిరిగితే ఇదీ బతకదు. అందుకని అది పట్టుకున్న రాయితో సహా ఎత్తి ట్యాంకు నీళ్ళున్న బకెట్లో పెట్టాను. నా భార్య వెనక సీట్లో కూర్చుని బకెట్టు కాళ్ళ మధ్య పట్టుకుంది. బేస్తవారిపేట చేరేసరికి ఇంకా పొద్దుంది.

అత్త ట్యాంకు ముందు పీట మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేవబోయింది. తెల్లది రాయి మీద నిలవలేక ఇసుకలోకి జారి పడి ఉంది. దాని వేళ్ళ చుట్టూ చేపలు రెండూ తిరుగుతున్నాయి.

"రా అన్నా, ఏంది బకెట్టు?" అన్నాడు తోడల్లుడు.

కూర్చోకుండానే చెప్పాను. "ఆ తెల్లది జబ్బుది తమ్ముడూ. దుకాణంలో చూడగానే నాకు తెలుసు. తెలిసే నీకు చెప్పినా. నీ ట్యాంకు నాదాని కంటే బాగుందని ఓర్చుకోలేకపోయినా. ఇది మంచిది. ఇది నీదే. దాన్ని నాకియ్యి."

వాడు ఒక్క క్షణం నవ్వు మొహంతోనే ఉన్నాడు, నేను ఆటపట్టిస్తున్నాననుకుని. తర్వాత ఆ నవ్వు పోయింది.

"నేనే నీకిస్తానంటిని గదన్నా. భుజం మీద చెయ్యేసి మరీ చెప్పినావే."

మరదలు గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె మెల్లగా అడిగింది. "నీళ్ళయినా మంచియ్యే ఇస్తాండావా బావా?"

ఆ మాట నేను అనుకోలేదు. నీళ్ళలో ఏనాడూ మోసం చేయలేదు. కానీ ఆ మాట ఇప్పుడు నా నోటితో చెబితే ఏం విలువ? "మీటరు పెట్టి చూడు తమ్ముడూ," అన్నాను. వాడు లోపలికి పోయి, నీళ్ళలో ఏం కరిగున్నా అంకెలో చూపే టీడీఎస్ మీటరు తెచ్చాడు. మూలనున్న నా ప్లాంటు క్యాను మూత తీసి ముంచాడు. సున్నా చూపించింది. వాడు అంకె చూశాడు, మూత పెట్టాడు, నా వైపు చూడలేదు. నీళ్ళు మంచివని తేలినా నేను నిలబడ్డచోట తల ఎత్తలేకపోయాను.

అత్త నన్ను తిట్టలేదు. "నా నోటితో దేవుని ముందర అబద్ధం చెప్పించినావు గదయ్యా," అంది. అంతే. పీట మీద తిరిగి కూర్చుంది.

వాడు చేతులు కడుక్కుని వచ్చి, ట్యాంకులో మోచేతి దాకా చెయ్యి పెట్టి తెల్లదాన్ని గిన్నెలోకి తీశాడు. ఎంత నిదానంగా తీశాడంటే, దాని వేళ్ళు ముడుచుకోను కూడా లేదు. తర్వాత బకెట్లోని రాయిని ఉన్నదున్నట్టే ఎత్తి తన రాళ్ళ మధ్య కూర్చోబెట్టాడు. ఆ చేతులు చూస్తుంటే నాకు మళ్ళీ అసూయ పుట్టింది. అంత జరిగాక, అక్కడే నిలబడి. పోయిందని రాస్తే అబద్ధమవుతుంది.

"ఇది నీ దగ్గర బతకదేమో అన్నా," అన్నాడు గిన్నె అందిస్తూ. కోపంగా కాదు, దాని గురించే అన్నాడు.

"బతక్కపోతే ఆ కుళ్ళేదేదో నా ట్యాంకులోనే కుళ్ళనీ తమ్ముడూ."

ఇంటికొచ్చి చేసిన మొదటి పని, నా చేపలు రెంటినీ పాత తొట్టిలోకి మార్చడం. వాటి తప్పేమీ లేదు. మోటారు నోటికి స్పాంజి కట్టాను, నిలవలేని ప్రాణి దానిలోకి పోకుండా. లైటు తగ్గించాను. రొయ్యను మెంతిగింజంత ముక్కలు చేసి పుల్లతో వేళ్ళ మీద పెట్టాను. మొదటిది కింద పడేసింది. రెండోది చాలాసేపు పట్టుకుని, తర్వాత వదిలేసింది.

ఫొటో తీసి తోడల్లుడికి పంపించాను. బాగా కనబడేట్టు కాదు, ఉన్నదున్నట్టు. కింద రాశాను: "పాదం పట్టుకోలేదు. ముక్క తినలేదు. నోరు వదులుగానే ఉంది. పోయినసారి నాది కరెంటు పోయి చావలేదు, అది కూడా తెల్లదే. అప్పుడే చెప్పుంటే ఈ రోజు నువ్వే చూసి ఎంచుకునేవాడివి."

వాడు చూసినట్టు ఫోన్లో గుర్తు వచ్చింది. జవాబు రాలేదు. మరుసటి పొద్దున ఇంకో ముక్క పెట్టి, ఇంకో ఫొటో తీసి, తిననిది తినలేదనే రాసి పంపించాను.