ఐదడుగుల ఎత్తుకు రెండించుల మోటారు

నంద్యాలకి సముద్రం యాడిదప్పా అంటారు కదా మీరు. నిన్న మా ఇంటికే వచ్చింది. హాలంతా ఉప్పునీళ్ళు. సోఫా కింద చేప. సీలింగు ఫ్యాను నుంచి కూడా కారినాయి. నవ్వేది ఉంటే ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో నవ్వితే నేను టీ వదిలేసి లేచిపోతా.

మా ఇంటామె పద్మ కాలేజీలో జువాలజీ చెప్తుంది, తెల్సు కదా. మా హాల్లో మంచమంత గాజు తొట్టి పెట్టుకోనుంది. అది మామూలు చేపల తొట్టి కాదు, సముద్రం చేపలది. పాకెట్ల ఉప్పు తెప్పించి, ఫిల్టరు నీళ్ళలో కలిపి, మీటరు పెట్టి చూసి పోస్తుంది. కూరలో ఉప్పు ఎక్కువైనా మా ఇంట్లో అడిగే దిక్కు లేదు గానీ, ఆ తొట్టిలో చిటికెడు తేడా వస్తే ఆ రోజు అందరికీ మూడినట్టే.

తొట్టి కింద, స్టాండు లోపల, ఇంకో చిన్న గాజు పెట్టె ఉంటుంది. సంపు అంటారు. పైనుంచి ఒక పైపులో నీళ్ళు దాంట్లోకి దిగుతాయి, వడకట్టుకుంటాయి. మళ్ళ వాటిని పైకి తోసేదానికి ఒక మోటారు. రిటర్న్ పంపు అంటారు దాన్ని. నా గుప్పిటంత ఉంటుంది, అంతే. అది పగలూ రాత్రీ తిరుగుతాండాల. ఆగిపోతే నీళ్ళలో గాలి తగ్గి చేపలకు ఊపిరాడదు.

అన్నిట్లో ఒకటి పసుపు రంగుది, పళ్ళెం మాదిరి చప్పటగా ఉంటుంది. బుజ్జమ్మ అని పేరు పెట్టింది పద్మ. నేను విత్తనాల అంగడి మూసి ఇంటికొచ్చి చెప్పులు విడిస్తే చాలు, అద్దం దగ్గరికొచ్చి నిలబడుతుంది. నిజం చెప్తాండా, ఆ ఇంట్లో నాకు ఎదురొచ్చేది అదొక్కటే.

మొన్న నందికొట్కూరులో పద్మ వాళ్ళ చెల్లెలి బిడ్డకు పేరు పెట్టినారు. తొట్టి తెచ్చినప్పటి నుంచి పద్మ ఒక్క రాత్రి కూడా ఇల్లు వదిలి పోలేదు. ఈసారి తప్పలేదు. బస్సెక్కే ముందు నన్ను పక్కకు పిలిచింది.

"నమ్మి పోతాండా. మేత ఒక్క చిటికెడు. ఏమన్నా అయితే నాకు ఫోన్ చెయ్యి. నువ్వు మాత్రం ఏమీ చెయ్యొద్దు."

"నేనేమన్నా పిల్లోణ్ణా?"

"పిల్లోడైతే చెప్పిన మాట వింటాడు."

నిన్న పొద్దున లేచేసరికి హాల్లో గలగల లేదు. పంపు ఆగిపోయింది. ప్లగ్గు పీకి పెట్టినా, తట్టినా, తిట్టినా, తిరగలేదు. పద్మకు ఫోన్ చెయ్యాల్సింది. చేస్తే 'నాకు ముందే తెల్సు' అంటుంది. ఆ మాట పడేదానికి నాకు ఓపిక లేదు. ఆ తొట్టి అమ్మిన హైదరాబాదు అంగడాయనకు చేసినా.

ఆయన నిదానస్తుడు. "కంగారు పడకండి సార్. తొట్టి ఎన్ని లీటర్లు? సంపు నుంచి పై అంచుకు ఎత్తెంత? మధ్యలో పైపు ఎన్ని వంపులు తిరుగుతుంది? అవి చూసుకునే పంపు ఎంచుకోవాలి. గంటకు తొట్టి నీళ్ళు మూడు నాలుగు సార్లు తిరిగితే చాలు. అంతకంటే పెద్దది పెడితే కిందికి దిగే పైపు మోయలేదు. ప్లాస్టిక్ దే పెట్టాలి, ఇనుము, రాగి తగలకూడదు. సరైనది రేపటికి బస్సులో వేస్తా. అంతవరకు గాలి బుడగల మోటారు పెట్టండి, మేడం దగ్గర ఉంటుంది."

వెతికితే దొరికింది. పెట్టినా. బుడగలొచ్చినాయి. అక్కడితో గమ్మున కూర్చోనింటే ఈ కథే లేదు. కూర్చునే రకమా నేను? అన్నం ఉడికే దాకా ఆగలేక మూత తీసి చూసే మనిషిని, రేపటి దాకా ఎట్ల ఆగేది? బుజ్జమ్మ అద్దం దగ్గరికి రాలేదు. మూలకు పోయి నిలబడి నోరు ఆడిస్తాంది. చేప ఎప్పుడూ నోరు ఆడిస్తానే ఉంటుందని ఆ టయానికి గుర్తు రాలేదు. నాకు భయమేసింది. అది సచ్చిపోతే పద్మకు ఏం మొహం చూపించాల? హాల్లో ఆ కొసకూ ఈ కొసకూ తిరిగి తిరిగి, అంగడి పనోళ్ళకు అప్పజెప్పి, బండి తీసినా. నేరుగా ఆళ్ళగడ్డ.

ఆళ్ళగడ్డలో మా బావ ఓబులేసు, పద్మకు సొంత అన్న, బోరు మోటార్లు అమ్ముతాడు, రిపేరు చేస్తాడు. అవుకు దాకా ఎవరి చేన్లో మోటారు కాలినా ఆయన షాపుకే వస్తుంది. పక్కనే శిల్పాలు చెక్కేవాళ్ళు, పొద్దస్తమానం ఉలి చప్పుడు. దాంతో మా బావకు అరిచి మాట్లాడేది అలవాటు.

"ఏం బావా, బోరేసినావా?"

"బోరు కాదు. మీ చెల్లెలి చేపల తొట్టికి మోటారు గావాల."

"ఎన్నడుగులు ఎత్తాల?"

"ఐదు."

చేతిలో స్పానరు కింద పెట్టినాడు. "ఐదడుగులకు మోటారెందుకు? చెంబుతో పోసుకో."

"పగలూ రాత్రీ పోయాల బావా."

"సర్లే. ఎన్ని ఇంచుల లావు ధార పడాల?"

ఇక్కడప్పా నా కొంప మునిగింది. హైదరాబాదాయన చెప్పిన లీటర్లు, వంపులు, అన్నీ నా తలకాయలోనే ఉండాయి. కానీ షాపు ముందర బెంచీ మీద ఇద్దరు రైతులు కూర్చోని నా మొహమే చూస్తాండారు. వాళ్ళ ముందర అర ఇంచు అని ఎట్ల చెప్పేది? మన పక్క అర ఇంచు నీళ్ళంటే ఆ మనిషికి విలువుందా? మా నాయన బోరు ఎండిపోయినాక కూడా అడిగినోళ్ళకు రెండించులనే చెప్పినాడు. నా నోట్లోంచి కూడా అదే వచ్చింది.

"రెండించులు."

బెంచీ మీదోళ్ళు తల ఊపినారు. నాకు గర్వంగా కూడా అనిపించింది, ఏం చెప్పేది.

బావ లోపలికి పోయి పెద్ద కుక్కరంత మోటారు ఎత్తుకొచ్చినాడు. బావిలో నీళ్ళలో ముంచి పెట్టేది. ఆయన దగ్గర ఉండే వాటిలో అదే చిన్నదంట.

"ఉప్పునీళ్ళు బావా. ఇనుము తగలకూడదంట."

"మన బోర్లలో వచ్చేవి తేనె నీళ్ళా? ఒక్క రోజుకేం కాదులే."

"రొంత పెద్దదేమో."

"మోటారు ఎప్పుడూ ఒక సైజు ఎక్కువే ఉండాల. రేపు మా చెల్లెలు ఇంకో తొట్టి పెడితే?"

చెల్లెలి ఇల్లు కదా అని తనే బిగించేదానికి నా వెంట బయలుదేరినాడు. దావలో బండి ఆపమని టెంకాయ, పసుపు, కుంకుమ, చేమంతి పూలు కొన్నాడు. ఎందుకని అడిగితే, కొత్త మోటారుకు టెంకాయ కొట్టకుండా వాళ్ళింట్లో ఎవరూ నీళ్ళు తియ్యలేదంట.

మోటారు ఆ గాజు పెట్టెలో నిలువుగా పట్టలేదు. కింద గోనెసంచి మడత పెట్టి, అడ్డంగా పండుకోబెట్టినాం. మోటారు మూతి లావు, పైపు సన్నం. బావ దాన్నీ దీన్నీ కలిపి సైకిలు ట్యూబు చుట్టి, గుంజి కట్టినాడు. మోటారుకు బొట్టు పెట్టి, పూలు చల్లి, "వెయ్ బావా" అన్నాడు. స్విచ్చేసినా.

రోజూ నీళ్ళు మెల్లగా జారే ముక్కు ఒకటుంటుంది తొట్టి పైన. అది ఒక్క దెబ్బకు పైకి తిరిగింది. నీళ్ళు నిలువునా లేచి ఫ్యానుకు తగిలినాయి. ఫ్యాను తిరుగుతాంది. ఇంక మీరే ఆలోచించుకోండి.

ఆ టయంలో మనిషనేవాడు ఏమనాల? ఆపు అనాల. మా బావ కండ్లు మెరిసినాయి. "పడినాయి బావా, పడినాయి" అని దండం పెట్టి, గుప్పెడు పసుపు కుంకుమ తొట్టిలో వేసి, స్టాండు కొసకు టెంకాయ కొట్టినాడు. ఒక చిప్ప తొట్టిలోనే పడింది. ఆయన తప్పు కాదప్పా. దుమ్ము తప్ప ఏమీ రాని బోర్ల దగ్గర ఎన్నిసార్లు నిలబడినాడో. నీళ్ళు ఎగిరితే మాకు చేతులు వాటంతట అవే లేస్తాయి. చెప్పేదానికి సిగ్గు, నేనూ దండం పెట్టినా.

దండం పెట్టి చేతులు దించేసరికి తొట్టి నాలుగు పక్కలా పొర్లుతాంది. కింద పెట్టె ఎండిపోయి మోటారు అరుస్తాంది. నీళ్ళతో పాటు పసుపుగా ఏదో అంచు దాటి కింద పడింది. చేమంతి పువ్వనుకున్నా. పువ్వైతే కొట్టుకోదు కదా.

స్విచ్చు బోర్డు కిందంతా నీళ్ళు, దాన్ని ముట్టుకునే పని లేదు. బయటికి పరిగెత్తి మెయిన్ పీకినా. తిరిగొచ్చేసరికి బుజ్జమ్మ జారుకుంటా సోఫా కిందికి పోయింది. బావ ఒక పక్క, నేనొక పక్క బోర్లా పడుకున్నాం. తడి తువ్వాలుతో పట్టుకున్నా. తోక దగ్గర ముల్లు ఉంటుంది దానికి, చెయ్యి గీసుకుపోయింది. వెనక వరండాలో పద్మ కలిపి పెట్టిన ఉప్పునీళ్ళ డ్రమ్ము ఉండాది. దాంట్లో వేసినా.

పక్కకు ఒరిగి అట్లే ఉండిపోయింది. డ్రమ్ము మీద వంగి, "లేయమ్మా, ఒక్కసారి లే" అని బతిమాలినా. ఇంత వయసొచ్చి చేపను బతిమాలేదేంది అనుకుంటారేమో. ఏడుపొచ్చిందప్పా, అంతే. మా బావ నా భుజం మీద చెయ్యేసి, "లేస్తుందిలే బావా" అని మెల్లగా అన్నాడు. మెల్లగా మాట్లాడే ఓబులేసును నేను అప్పుడే చూసినా.

కాసేపటికి రెక్క ఆడించింది. తర్వాత నిలువుగా తిరిగింది. తొట్టిలో మిగిలిన చేపల్ని కూడా వలతో పట్టి డ్రమ్ములో వేసి, హాలు ఫ్యూజు పీకి, వరండాకు మాత్రం కరెంటిచ్చి గాలి మోటారు పెట్టినాం.

సాయంత్రం పద్మ వచ్చింది. గడపలోనే నిలబడింది. నేలంతా తెల్లగా ఉప్పు పూసింది. తొట్టిలో ఎర్రనీళ్ళు, దాంట్లో కొబ్బరి చిప్ప తేలుతాంది.

"బుజ్జమ్మ?"

"డ్రమ్ములో ఉంది. బాగుంది."

పోయి చూసుకొని వచ్చింది. అప్పుడు తిరిగింది అన్న మీదికి. "ఏందన్నా ఇది?"

"నాదేముందమ్మా, మీ ఆయన రెండించులన్నాడు."

"ఐదడుగులని కూడా చెప్పినా" అన్నా నేను. ఎవరూ పట్టించుకోలేదు.

పద్మ ఆ పాత పంపు తీసుకొని, మూత వేలితో తిప్పి ఊడదీసింది. లోపల ఒక నత్త ఇరుక్కోనుంది. పిన్నుతో దాన్ని లాగి పారేసి, డ్రమ్ములో పెట్టి స్విచ్చేస్తే గలగలా తిరిగింది. "ఫోన్ చేసింటే చెప్పేదాన్ని కదా" అనింది. అరవలేదు. అరిచింటే బాగుండు.

ఈ పొద్దున వాళ్ళ చెల్లెలు ఫోన్ చేసి, వచ్చే నెల బిడ్డకు చెవులు కుట్టిస్తాం, రెండు రోజులు ఉండేటట్టు రమ్మనింది. పద్మ సరే అనింది. మరి చేపల్ని ఎవరు చూసుకుంటారని అడిగినా.

"ఎవరూ చూసుకోరు. అందుకే అవి బాగుంటాయి. నువ్వు నాతో వస్తాండావు, బట్టలు సర్దుకో."