రమీజా మేడం అడిగిన రీడింగు

డాబా మీద చెప్పుల్లేకుండా అడుగు పెట్టానో లేదో, అరికాళ్ళు చుర్రుమన్నాయి. మే నెల నరసరావుపేట ఎండ మరి. బెంగళూరు ఎండ చాలదని, నేను డిజైన్ చేసిన కెమెరా చిప్పు నమూనాను పనిగట్టుకుని మా ఊరు తెచ్చాను. దీనికి తోడుండే దీపం కంటికి తెలియనంత వేగంగా వెలిగి ఆరుతుంటుంది. ఒక్కో పిక్సెల్‌లో రెండు గదులు. దీపం వెలిగినప్పటి కాంతి ఒకదాన్లోకి, ఆరినప్పటిది రెండోదాన్లోకి పోతుంది. ఎండ రెండింట్లోనూ సమానంగా పడుతుంది కాబట్టి, ఒకదాన్నుంచి ఇంకోటి తీసేస్తే దీపం వెలుగొక్కటే మిగలాలి. మా ఆఫీసు చీకటి గదిలో పరీక్షిస్తే చక్కగా మిగిలింది. డాబా మీద మాత్రం రెండు గదులూ ఎండతోనే నిండిపోయి, తీసివేస్తే సున్నా వచ్చింది.

సోమవారం డిజైన్ తయారీకి వెళ్ళాలి. ఇప్పటికే ఒకసారి వాయిదా వేయించాను. మళ్ళీ వేయిస్తే ప్రాజెక్టు నా చేతుల్లోంచి పోతుంది. "చీకటి గది రీడింగులు పంపేద్దాం మేడం, ఎండ సంగతి ఎవరూ అడగలేదుగా," అన్నాడు ఫోన్లో నా జూనియర్. ఆ మాటతో రమీజా మేడం గుర్తొచ్చారు.

డిగ్రీలో మాకు ఫిజిక్స్ ప్రాక్టికల్స్ ఆవిడే చేయించేవారు. మా ల్యాబ్ కిటికీకి రెక్కలుండేవి కావు. మధ్యాహ్నమంతా ఎండ బల్లల మీదే కాపురం. సీనియర్ల రికార్డు చూసి రీడింగులు దించుకోవడం మాకు వంశపారంపర్యం. నేనూ బల్బు వెలుతురును, కాంతిని కరెంటుగా మార్చే ఫోటోసెల్‌తో కొలిచినట్టు ముత్యాల్లాంటి అంకెలు దించి పట్టుకెళ్ళాను. ఆవిడ రికార్డు చూసి, కిటికీ వైపు చూశారు.

"ఏమే, ఇంత ఎండ పడతా ఉంటే నీ అంకెల్లో ఎండేదే?"

"సీనియర్లు అట్టాగే రాశారు మేడం."

"వాళ్ళు పరదా కట్టి చేశారు. నువ్వసలు చెయ్యనే లేదు. సంతకం పెట్టను పో."

సంతకం లేకపోతే పరీక్షకు రానివ్వరు. ఆవిడంటే ఒళ్ళు మండింది. మూడు రోజులు తిట్టుకుంటూనే కొలిచాను. బల్బు వేసినా ఆర్పినా మీటరు ముల్లు ఎండ దెబ్బకు చివరికి పోయి కూర్చునేది. నేనూ పరదా కడతానన్నాను.

"ఎండని మూసెయ్యబాక. ముల్లు కదలడానికి చోటు చెయ్యి," అంటూ ఆవిడ ఇంకో ఫోటోసెల్ తెచ్చారు. దానికి బల్బు కనపడకుండా, ఎండ మాత్రమే తగిలేటట్టు పెట్టి, వైర్లు తిరగేసి కలిపించారు. ఎండ వాటాను ఆ రెండో సెల్ ముందే లాగేసుకుంది. ముల్లు దిగొచ్చింది. బల్బు వేస్తే ఓ రవ్వ కదిలింది. ఆ రవ్వకే నేను ల్యాబ్ అదిరేలా అరిచాను. అంకెలు వంకరటింకరగా వచ్చాయి. ఆవిడ కింద సంతకం పెట్టి, "చానా బాగున్నయ్యే," అన్నారు.

అంకెలు మరీ అందంగా వస్తే నాకు ఇప్పటికీ అనుమానమే. అది ఆవిడ అంటించిన జబ్బు. ఆవిడ పోయి మూడేళ్ళయింది. ఈ చిప్పు చూపించలేకపోయానన్న బాధ మాత్రం పోలేదు.

చేయాల్సిందేమిటో నాకు తెలుసు. గదులు నిండకముందే రెండింట్లోంచీ సమానంగా కొంత తోడేసే దారి పిక్సెల్‌లో పెట్టాలి. ఆరు వారాల పని. మెట్ల నీడలో కూర్చుని బాస్‌కు మెయిలు రాశాను. చీకటి గది అంకెలకు పైన, మొదటి వరుసలోనే, ఎండలో వచ్చిన సున్నా పెట్టాను. సోమవారం డిజైన్ తయారీకి పంపవద్దన్నాను. కింద నా పేరు రాశాను. పంపేశాను.