పడుగుకు పార్కింగ్ పైసలు

మా కింది వాటా తాత మొన్న పోయాడు. పొద్దుటి షిఫ్టుకు స్కూటీ తీస్తుంటే వాచ్‌మన్ చెప్పాడు, "దవాఖానకు తీస్కపోయేలోపే పాణం పోయిందమ్మా" అని. నాకు నమ్మబుద్ధి కాలేదు. ముందురోజే కదా నా కొత్త హెల్మెట్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, "దీంట్లకు గాలెట్లొస్తది బిడ్డా?" అని అడిగింది!

వాళ్లది రామన్నపేట దిక్కు నేత కుటుంబం. కొడుక్కి షాద్‌నగర్‌లో కంపెనీ ఉద్యోగం దొరికితే తాత కూడా అవ్వనూ మగ్గాన్నీ వెంటబెట్టుకుని వచ్చాడు. మగ్గం చప్పుడుకు జడిసి ఎవరూ ఇల్లు కిరాయికివ్వలేదు. మా ఓనరు ఒక్కడే ఒప్పుకున్నాడు.

తాత ఎవర్నీ ఊరికే పోనిచ్చేవాడు కాదు. పాలవాడినీ, కరెంటు మీటరు చూసేవాడినీ ఆపి ఏదో ఒకటి అడగాల్సిందే. మొదట్లో నాకు విసుగు. తర్వాత ఈరోజేం అడుగుతాడా అని నేనే ఆగేదాన్ని.

ఇంటి కింద స్తంభాల నడుమ మేం బండ్లు పెట్టుకుంటాం. మేం డ్యూటీలకు పోగానే తాత అక్కడ పడుగు చాపేవాడు. మగ్గానికెక్కించే నిలువుపోగులను ఆ చివర నుంచి ఈ చివరకు బారుగా సాగదీసి, తెగినవి అతికేవాడు. వాళ్ల వాడలో పడుగు చాపితే ఎవరు ఎదురుపడ్డా ఆగి ఓ కొస పట్టాలట. ఆదివారాలు పొద్దున్నే బండ్లన్నీ గేటు బయట పెట్టి నేనూ ఓ కొస పట్టేదాన్ని.

నిరుడు ఓనరు ఆ జాగాను ఓ పార్కింగ్ కాంట్రాక్టరుకు ఇచ్చేశాడు. నేల మీద తెల్లగీతలు వచ్చాయి, నా స్కూటీకి గొలుసు పడింది. పైసలు కట్టండి, లేదా ఇల్లు ఖాళీ చేయండి అన్నాడు ఓనరు. ఒళ్లు మండింది గానీ బస్సెక్కి డ్యూటీకి పోయాను.

తాత మాత్రం గీతలు చూసి మురిసిపోయాడు. పడుగు వంకర పోకుండా ఎవరో పుణ్యాత్ముడు గీశాడనుకున్నాడు! ఆదివారం పొద్దున్నే గీత వెంబడి పడుగు చాపాడు. కాంట్రాక్టరు మనిషి వచ్చి దానికీ పైసలు కట్టమన్నాడు.

"ఏం లెక్కన తీస్కుంటవ్ కొడుకా?"

"చక్రాల లెక్క. రెండు చక్రాలకో రేటు, నాలుగింటికో రేటు."

"మరి దీనికెన్ని ఉన్నయో జర చూసి చెప్పు."

అతను నిజంగానే వంగి చూశాడు. మేమంతా పగలబడి నవ్వాం. తాత నవ్వలేదు, జవాబు కోసం చూస్తున్నాడు.

గోల విని ఓనరు దిగివచ్చాడు. మా నవ్వులు ఆగిపోయాయి. మగ్గాన్ని బయట పెట్టిస్తే ఈ వయసులో తాత ఎక్కడికి పోతాడు?

"జర గా కొస పట్టు సారూ, సడలుతాంది" అన్నాడు తాత. ఓనరు ఏమనుకున్నాడో, పట్టుకున్నాడు.

"తెల్వక అడుగుతున్న. ఇల్లు చూపెట్టిన నాడు, బండ్లకు జాగ గూడ కిరాయిలనే ఉన్నదన్నవ్. మాకిచ్చిన జాగను మళ్ల ఇంకొకలకు ఎట్లిచ్చినవ్?"

"గట్ల అన్ననా నేను?"

"నాతోనూ అన్నరు సార్" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. పై వాటావాళ్లూ అవునన్నారు. ఓనరు కొస వదిలితే పోగులన్నీ చిక్కుపడతాయి, వదలకపోతే జవాబు చెప్పాలి. చివరికి కొస పట్టుకునే, గొలుసు తీసేయమని కాంట్రాక్టరు మనిషికి చెప్పాడు.

"భయం కాలేదా తాతా?" అని తర్వాత అడిగాను.

"ఎందుకు కాలేదు బిడ్డా, మస్తు అయింది. కానీ ఏం చెప్తడో ఇనాలనిపించింది."

ఆ మాట నాకిప్పటికీ ఆశ్చర్యమే. భయాన్ని దాటించే ధైర్యం నాలో వెతికాను గానీ, ఏం చెప్తారో వినాలన్న ఆశ కూడా ఆ పని చేస్తుందని ఆయన దగ్గరే తెలిసింది. ఆయనకు నేను రుణపడి ఉన్నాను.

నిన్న అవ్వ గడపలో కూర్చుని అంది: "ఇగ ఆదివారం పొద్దుగాల బండ్లు బయటికి తియ్యకుండ్రి బిడ్డా. జాగతోని మాకేం పని?"

ఈరోజు మళ్లీ ఆదివారం. పొద్దున లేచి చూస్తే వాన. ఎవరు ఎప్పుడు తీశారో గానీ, బండ్లన్నీ గేటు బయట తడుస్తున్నాయి. నేను కిందికి దిగి నా స్కూటీని కూడా వాటి పక్కన పెట్టాను.