అక్షింతలు పడ్డ కంప్యూటర్

బెడోక్‌లోని మా ఫ్లాట్లలో కింది అంతస్తు అంకుల్‌కు దసరా అంటే ఆయుధపూజే. కారుకు, కుక్కర్‌కు, ఆఖరికి ఏసీ రిమోట్‌కు కూడా బొట్టు పెడతారు. ఆ వరసలో ముందుండేది మాత్రం ఒక పాత కంప్యూటర్. చూడ్డానికి ఉత్త కీబోర్డే. టీవీకి తగిలించాలి, ప్రోగ్రామ్‌ను క్యాసెట్ మీంచి ఎక్కించుకోవాలి. కంప్యూటర్లు ఆఫీసుల్లోనే కనిపించే రోజుల్లో చవగ్గా వస్తోందని ఆంటీ కొనుక్కున్నారట. కారిడార్‌లో ముగ్గు వేస్తే తెల్లారేసరికి ఊడ్చేవాళ్లు తుడిచేస్తున్నారని, పట్టుబట్టి ప్రోగ్రామ్ రాసి ముగ్గును టీవీ మీద వేయడం నేర్చుకున్నారట.

ఆంటీ పోయాక దాన్ని ఆన్ చేసే ధైర్యం అంకుల్‌కు లేకపోయింది. ఈ దసరాకు నన్ను పిలిచి, ఆ ముగ్గు ఒక్కసారి చూపించమన్నారు. బ్యాంకులో సాఫ్ట్‌వేర్ పని చేసేదాన్ని, ఇదెంత, చిటికెలో అయిపోతుందనుకున్నాను. తీరా చూస్తే మీటలు దిగడం లేదు. మూత విప్పితే లోపల పసుపు అక్షింతలు! ఏటేటా భక్తిగా చల్లినవన్నీ సందుల్లోంచి జారి అక్కడ చేరాయి. నాకు నవ్వాగలేదు. అంకుల్ మాత్రం ఒక్కో గింజా ఏరి పళ్లెంలో వేశారు.

క్యాసెట్ పెట్టగానే కీచుమని ఒకటే గోల. మొదటిసారి ఎక్కలేదు. ఆ ప్రోగ్రామ్‌కు ఇంకో కాపీ లేదు. టేపు చెడిపోయి ఉంటే ఆంటీ ముగ్గు ఇక లేనట్టే. క్యాసెట్‌ను మళ్లీ మొదటికి తిప్పాను.

రెండోసారి టీవీ మీద ఒక చుక్క వెలిగింది. పక్కన ఇంకోటి. వరసలు వరసలుగా చుక్కలు, వాటి చుట్టూ మెలికలు తిరుగుతూ గీత. నా ఫోన్‌లో ఒక్క ఫొటోకు కూడా చాలని మెమరీ అది. అందులో ఇంత ముగ్గును ఇరికించడానికి ఆవిడ ఎంత పొదుపుగా రాసి ఉంటారో తలచుకుంటే, లేచి దణ్ణం పెట్టాలనిపించింది.

సగంలో గీత ఆగిపోయింది. ఎంతకీ కదలదే. హ్యాంగ్ అయిందనుకుని స్విచ్ మీద చెయ్యి వేశాను.

అంకుల్ నా చెయ్యి పట్టుకున్నారు. చూపు టీవీ మీదే ఉంది.

"ఆగమ్మా," అన్నారు మెల్లగా. "మీ ఆంటీ పిండి తీసుకుంటోంది."

ఆ ఆగడం కూడా ఆవిడ రాసిందే. గీత మళ్లీ కదిలింది.