తెల్లది నొప్పులకు, గులాబీది గ్యాస్‌కు

డాక్టర్ సార్ చనిపోయారని క్లినిక్ నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను ఈ ఎడారి దేశంలో, ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ దగ్గర, నేను నడిపే కంపెనీ వ్యాన్‌లో ఉన్నాను. సెలవు మీద గుంటూరు వెళ్ళిన మనిషి, ఎల్లుండి తిరిగి రావాలి. రాగానే మా మామను చూస్తానన్నారు. నాకు ముందు కోపమొచ్చింది.

ఉన్నప్పుడూ ఆయన నాకు కోపమే తెప్పించేవారు. అంత నిదానం. నేను కుదురుగా కూర్చోలేకే బడి మానేసినవాణ్ణి. అలాంటిది ఆయన గది బయట ఎంతసేపు కూర్చున్నానో!

మా అమ్మ తమ్ముడే మామ. బిల్డింగ్ సైట్‌లో ఇనుప చువ్వలు కట్టే పని. కాళ్ళు వాచాయని మొదటిసారి తీసుకెళ్తే, తలుపు ముందే ఆగిపోయాడు.

"అల్లుడా, గీయన దేనికి డాక్టర్?"

"పెద్దోళ్లకు. ఒంట్ల అన్నిటికి."

"అన్నిటికంటే దేనికి కానట్టే. కాళ్ల డాక్టర్ కాడికి పోదాం పా."

తలుపు తీసే ఉంది. "దేనికీ కాని డాక్టర్నే, లోపలికి రావయ్యా," అన్నారు సార్.

బీపీ చూశారు. ఆకలి, నిద్ర, మూత్రం, రూమ్‌లో వంట ఎవరిది, ఉప్పు ఎంత వేస్తారు... అడుగుతూనే ఉన్నారు. బయట అడ్డంగా ఆపిన వ్యాన్ గుర్తొచ్చి నాకు నిలబడబుద్ధి కాలేదు.

"సార్, జర కాళ్లు చూడున్రి సార్."

"కాళ్ళు ఆయనవే కదా బాబూ. ఆయన్ని చూడకుండా ఎలా?"

ఆపైన, వేసుకునే మాత్రలన్నీ తెమ్మన్నారు. తిట్టుకుంటూ మళ్ళీ మేముండే లేబర్ క్యాంప్‌కి పోయి కవర్ తెచ్చాను.

మా రూమ్‌లో ఎవరు లీవుకు వెళ్ళొచ్చినా పచ్చడితోపాటు మాత్రలు తెస్తారు. షీట్లను కత్తెరతో ముక్కలు చేసి అందరికీ పంచుతారు. ఏ ముక్క మీదా పూర్తి పేరు ఉండదు.

"ఇదేంటి?"

"తెల్లది సార్. నొప్పులకు."

"ఈ గులాబీది?"

"గ్యాస్‌కు."

"తెల్లది రోజూ వేస్తున్నావా?"

"రెండు పూటలా. లేకుంటే మోకాళ్లు వంగయ్."

సార్ కళ్ళజోడు తీసి ముఖం రుద్దుకున్నారు. ఆయనకూ విసుగొస్తుందని అప్పుడే తెలిసింది. తెల్ల మాత్రల ముక్కలన్నీ పక్కపక్కన పేర్చి, అక్షరాలు కూడబలుక్కుని పేరు చదివారు. రక్తం, మూత్రం పరీక్షలయ్యాక చెప్పారు: "ఇవే నీ కిడ్నీలను పాడుచేస్తున్నాయి. ఆ వాపూ అందుకే. ఇవాళే ఆపు, ఇంకా మించిపోలేదు."

మామ ఆపాడు. వాపు తగ్గింది. మోకాళ్ళు పట్టేసినప్పుడల్లా నన్నూ ఆయన్నీ కలిపి తిట్టేవాడు. అయినా వెళ్ళిన ప్రతిసారీ కవర్ ఆయన బల్ల మీద బోర్లించేవాడు. సార్ ఒక్కొక్కటీ వెలుతురుకు పట్టి చూసి, "పేరు తెలియనిది నోట్లో వేసుకోకు," అనేవారు. వెనక ఎంతమంది ఉన్నా అంతే నిదానం.

కబురు చెప్పడానికి రూమ్‌కు వెళ్ళేసరికి, ఊరి నుంచి వచ్చినవాడు మంచం మీద షీట్లు పరిచి కత్తెర పట్టుకుని ఉన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఆయన ఇంతకాలం మొత్తుకున్నది ఎవరికి?

"సారు పోయిండు మామా," అన్నాను.

మామ మోకాలు పట్టుకుని లేచి, వాడి చేతిలో కత్తెర లాక్కున్నాడు.

"కొయ్యకు. పేరుండనియ్."

తెల్ల మాత్రల నిండు షీట్ ఒకటి తీసి తన కవర్‌లో వేసుకున్నాడు.

"మళ్ల మింగుతవా?" అని అరిచాను.

"అడగకుంట మింగ."

"ఎవర్ని అడుగుతవ్ ఇగ?"

"సారు కుర్చీల ఎవరో ఒకరు కూసుంటరు గదా."

కవర్‌కు ముడి వేసి, క్లినిక్‌కు వేసుకెళ్ళే చొక్కా పక్కన మేకుకు తగిలించాడు. ఏసీ గాలికి అది ఊగుతూ గోడకు తగులుతోంది.