పరీక్షలో నిలిచి, ఆటలో పడిన టీచరమ్మ

పదవీ విరమణకు ఇంకా ఏడాది ఉందనగా, మామిడికాయల రోజులు ముగిసే వేళ, నన్ను చిత్తూరు నుంచి తిరుపతికి బదిలీ చేశారు. హోదా సీనియర్ ఫిజియోథెరపిస్టు. ఎముకల డాక్టరు చూసి, చీటీ రాసి మా గదికి పంపుతారు. కట్టు విప్పిన కీళ్ళను మళ్ళీ కదిలించడం, నడక చక్కబెట్టడం మా పని. రోజూ పాకాల నుంచి రైల్లో వచ్చి పోయేవాణ్ణి.

ఆ ఏడాది మా గదికి కొత్త రకం మనుషులు రావడం మొదలైంది. అందరూ అరవై దాటినవాళ్ళే. చీలమండ బెణికిందని ఒకరు, పిక్క పట్టేసిందని ఒకరు. ఏం చేశారయ్యా అంటే పికిల్‌బాల్ అనేవారు. షటిల్ కోర్టంత జాగా, నడుమ నెట్టు, చేతిలో చెక్కలాంటి బ్యాటు, చిల్లుల ప్లాస్టిక్ బంతి. పెద్దగా పరుగెత్తే పని లేదని దిగుతారు. దిగాక పరుగెత్తకుండా ఉండలేరు. చెప్పులతో ఆడేవాడొకడు, ఒళ్ళు వేడెక్కకముందే బంతి మీదికి దూకేవాడొకడు. వీళ్ళ బాధలు నాకు వెంటనే అర్థమయ్యేవి. నాలుగు తిట్టి, వ్యాయామం నేర్పి పంపేవాణ్ణి.

అర్థం కానిది రాజేశ్వరమ్మ గారొక్కరే. హైస్కూల్లో డ్రిల్ టీచరుగా రిటైరైన మనిషి, వయసు అరవై ఆరు. పక్కలకు జారని బూట్లు వేసుకునేవారు. కాళ్ళూ భుజాలూ సాగదీసుకోనిదే బ్యాటు పట్టేవారు కాదు. అలాంటి మనిషి రెండుసార్లు వెల్లకిలా పడ్డారు. రెండోసారి మణికట్టు ఎముక పగిలింది. కట్టు విప్పి, చేయి బలపడ్డాక మళ్ళీ ఆటకు దిగుతానన్నారు. ఇంకోసారి పడితే తుంటి విరుగుతుంది, ఆమెతో ఆట మానిపించే బాధ్యత మీదే అని ఎముకల డాక్టరు నాతో అన్నారు.

ఆ సంగతి టీచరమ్మకు చెప్పాను. "ఉజ్జోగమంతా పిలకాయలు ఆడతా ఉంటే పక్కన నిలబడి ఈల ఊదినానప్పా. నేను ఆడేది ఇప్పుడే గదా," అన్నారు. నాకు జాలి వేసింది. కారణం తెలిసేదాకా మానమని చెప్పనన్నాను.

కారణం తెలిస్తేగా. ఒంటికాలి మీద నిలబెట్టాను. కళ్ళు మూయించి నిలబెట్టాను. గీత మీద అడుగుకు అడుగు ఆనించి నడిపించాను. నిక్షేపంగా నిలబడ్డారు, నడిచారు. పొద్దున వేసుకునే మాత్రతో బీపీ కూడా అదుపులోనే ఉంది. తల మీదుగా వచ్చే బంతి కోసం వెనక్కి అడుగులేస్తున్నారేమోనని అనుమానం వచ్చింది. పెద్ద వయసులో వెల్లకిలా పడేది ఎక్కువగా అలాగే. ఒళ్ళు పక్కకు తిప్పి బంతి వెంట వెళ్ళాలి. అందకపోతే పాయింటు వదిలేయాలి. ఒక బుధవారం రైలు వదులుకుని మరీ కోర్టుకు వెళ్ళి చూశాను. టీచరమ్మ పక్కకు తిరిగే ఆడుతున్నారు. ఆ చెప్పుల ఆసామి కూడా క్షేమంగా ఎగురుతున్నాడు. నాకు ఒళ్ళు మండింది.

ఆ తర్వాతి సోమవారం ఆమె మళ్ళీ నా గదికి వచ్చారు. మొన్న ఆటలో పడబోతే జోడీగా ఆడే ఆవిడ పట్టుకుందట. పరీక్షలన్నీ మొదటినుంచీ చేశాను. అన్నీ బాగున్నాయి. ఇన్నేళ్ళు నేను చేసింది వైద్యమేనా అని నాకే సందేహం వచ్చింది.

తర్వాతి శనివారం మధ్యాహ్నంతో డ్యూటీ అయిపోతే, ఇంకోసారి చూద్దామని కోర్టుకు వెళ్ళాను. ఆటకు ముందు ఎవరో మజ్జిగ పంచారు. టీచరమ్మ తన గ్లాసు నా చేతికిచ్చారు. మీరు తాగరా అన్నాను.

"శనివారం గదప్పా, ఒక్కపొద్దు. పొద్దున మాత్రకు గుటక నీళ్ళు, అంతే. దీపం పెట్టినాకనే ఏదైనా," అన్నారు.

మజ్జిగ అక్కడే పెట్టేసి, పడిన రెండు రోజులూ, పడబోయిన రోజూ గుర్తు చేసుకోమన్నాను. మూడూ శనివారాలే. కుర్చీలో కూర్చోబెట్టి లేపాను, కళ్ళు తిరుగుతున్నాయన్నారు. తల పైకెత్తమంటే నా భుజం పట్టుకున్నారు. రోజంతా తిండీ నీళ్ళూ లేని ఒంట్లో బీపీ మాత్ర, పైన ఎండ. సోమవారం నా గదికి వచ్చేసరికి ఆదివారం భోజనం చేసి ఉండేవారు.

నాకెందుకు చెప్పలేదని విసుక్కున్నాను.

"రోగాలేమున్నాయని అడిగినావు, చెప్పినాను. ఒక్కపొద్దు రోగమా?" అన్నారు.

పాలూ పండ్లూ తీసుకోండి, నీళ్ళు తాగండి, మాత్ర సంగతి డాక్టరుతో మాట్లాడండి అన్నాను. డాక్టరుతో మాట్లాడతానన్నారు గానీ, పెళ్ళికి ముందునుంచీ ఉన్న ఒక్కపొద్దును మార్చనన్నారు. అయితే శనివారం ఆట మానాల్సిందే అన్నాను. బ్యాటు సంచిలో పెట్టేసి వెళ్ళిపోయారు. ఇక రారేమోనని దిగులు పడ్డాను.

కొన్నాళ్ళకు ఒక శనివారం అటుగా వెళ్ళాను. టీచరమ్మ గీత బయట నీడలో కుర్చీ వేసుకుని, చెప్పుల ఆసామిని చూసి ఈల ఊదుతున్నారు. అతని కాళ్ళకు బూట్లున్నాయి. నన్ను చూసి, "రేపు రాప్పా, నా ఆట సూద్దువు," అన్నారు.

మా అమ్మ కూడా శనివారం ఒక్కపొద్దు ఉండేది. అలాంటి ఇంట్లో పెరిగిన నాకు ఒక్కపొద్దు ఉంటారా అన్న ప్రశ్న ముందే ఎందుకు తట్టలేదో ఇప్పటికీ తెలియదు. సర్వీసులో మిగిలిన నెలల్లో మాత్రం, పడ్డామని వచ్చిన పెద్దవాళ్ళ కీళ్ళు ముట్టుకునే ముందు రెండు మాటలు అడిగాను: పడింది ఏ వారం, ఆ రోజు ఏం తిన్నారు.