టస్కనీలో టమాటా పప్పు

“తోర్నా!” అంది లోరెదానా, బస్సు అద్దం మీద అరచేత్తో తడుతూ.

“ఆవాలు చిటపటమన్నాకే ఎండుమిరపకాయ వెయ్యి. మాడ్చావంటే ఊరుకోను!” అన్నాను నేను.

ఆమెకు తెలుగు రాదు, నాకు ఇటలీ భాష రాదు. మేమిద్దరం చివరిసారి మాట్లాడుకున్నది అదే. తోర్నా అంటే మళ్లీ రమ్మని అట, గైడు తర్వాత చెప్పాడు.

ఇది నిరుడు ఆషాఢం సంగతి. మాది జగ్గయ్యపేట. మా ఆయన పోయిన దగ్గర్నుంచీ పెళ్లిళ్లకూ గృహప్రవేశాలకూ వంట చేసి బతుకుతున్నాను. నాకు సంతకం వరకే వచ్చు, అందుకని నేను చెబుతుంటే మా తమ్ముడి కూతురు సుజాత రాస్తోంది.

ఆషాఢంలో ముహూర్తాలుండవు, మాకు పనీ ఉండదు. అప్పుడే టూరు మేనేజరు సుధాకర్ గారు ఫోను చేశారు. మనవాళ్లు గుంపుగా విదేశాలకు వెళ్లేటప్పుడు వెంట వంటమనిషిని కూడా తీసుకెళతారు. దాన్ని టూర్ కిచెన్ అంటారు. దిగిన చోట వంటింట్లో ఒక పొయ్యి అడిగి పుచ్చుకుని, మన బియ్యం మన పప్పు వండిపెట్టాలి. ఎప్పుడూ మగవాళ్లే వెళ్లే పని అది.

“ఇది ట్రయలు అక్కా. జనం బావుందంటే ఇకమీద ప్రతి ట్రిప్పూ నీదే,” అన్నారు సుధాకర్ గారు. ఆ ఒక్క మాట పట్టుకుని విమానం ఎక్కాను.

బస్సులో అందరూ నందిగామ, జగ్గయ్యపేట చుట్టుపక్కల వాళ్లే. మిరప రైతులు, రిటైరైన టీచర్లు. మొదట వెనిస్‌లో దిగాం. అక్కడ మొక్కజొన్న పిండితో అచ్చం మన సంకటిలాంటిది వండుతారు. పొలెంటా అట. ఇంకో ఊరికి వెళితే సంకటి ఊసే లేదు, బీన్సు ఉడకబెట్టి నూనె పోసి పెట్టారు. గరికపాడు చెక్‌పోస్టు దాటి తెలంగాణలోకి వెళితే మనకూ పులుసు రుచి మారుతుంది కదా, అక్కడా అంతే. వైను కూడా ఊరికొక రకం.

వచ్చిన చిక్కల్లా టస్కనీ అనే ప్రాంతానికి వెళ్లేటప్పుడు వచ్చింది. దారిలో బస్సు మారాం. కందిపప్పూ చింతపండూ ఉన్న అట్టపెట్టె పాత బస్సులోనే ఉండిపోయింది. ఇక పప్పు లేదు, చారు లేదు. బియ్యం మిగిలాయి. పోపుల డబ్బా, కారం, ఇంగువ మాత్రం నా చేతి సంచిలోనే ఉంటాయి కాబట్టి బతికిపోయాయి. జనం మజ్జిగన్నం తింటూ మూతులు ముడిచారు.

ఆ సాయంత్రం దిగింది ద్రాక్షతోటల మధ్య ఒక రైతు ఇంట్లో. ఆ ఇంటి ఆవిడే లోరెదానా. నా ఈడుదే, చేతులు నా చేతుల్లాగే కాలిన మచ్చలతో ఉన్నాయి. పొయ్యి మీద ఎర్రగా ఏదో కుతకుతలాడుతోంది. ఏమిటని సైగ చేశాను.

“పప్పా! పప్పా అల్ పొమొదోరో!” అంది, టమాటా ఎత్తి చూపిస్తూ.

నా ప్రాణం లేచొచ్చింది. వరండాలోకి పరిగెత్తి, “రండి రండి, పప్పండీ! టమాటా పప్పు! వీళ్లకీ ఉంది!” అని కేకేశాను. అందరూ బిలబిలా వచ్చి కూర్చున్నారు.

తీరా వడ్డిస్తే ఏముంది? నిలవ రొట్టె టమాటా రసంలో ఉడికించి మెదిపిన ముద్ద. ఆ ప్రాంతంలో రొట్టెలో ఉప్పే వెయ్యరు.

నందిగామ రత్తమ్మగారు చెంచా కింద పెట్టేశారు. “ఏమే, దీన్నేనా నువ్వు పప్పన్నది? పళ్లు రాని పిల్లకి పెట్టే గుజ్జులా ఉంది.”

గైడు పగలబడి నవ్వాడు. “వీళ్ల భాషలో పప్పా అంటే చంటిపిల్లల బువ్వేనండీ!”

సుధాకర్ గారు నవ్వలేదు. నన్ను పక్కకి పిలిచారు. “అక్కా, ఇట్టాగయితే కష్టం. వచ్చే ట్రిప్పుకి పాత వంటాయన్నే పిలుచుకుంటా, ఏమనుకోబాక.”

మళ్లీ వంటింట్లోకి వెళ్లాను. ఒక ముద్ద నోట్లో వేసుకున్నాను. టమాటా మంచిదే, తియ్యగా ఉంది. లేనిది ఉప్పూ కారమూ పులుపూ. ఉప్పూ కారమూ ఉన్నాయి. పులుపు?

గుమ్మం పక్కన బుట్టనిండా పచ్చి ద్రాక్షగుత్తులు. కాపు ఎక్కువైతే కొన్ని గుత్తులు కోసి పారేస్తారట, మిగిలినవి బాగా పండాలని. ఒక కాయ కొరికాను. దవడలు గుంజేశాయి. అబ్బ, చింతకాయే!

గుత్తులు నలిపి గుడ్డలో పిండాను. రొట్టె ముద్దలో నీళ్లు పోసి పలచన చేసి, ఆ రసం, ఉప్పు, కారం వేసి మరగనిచ్చాను. లోరెదానా గుండె మీద చెయ్యి వేసుకుని చూస్తోంది. వాళ్ల ఆలివ్ నూనెలోనే ఆవాలు, జీలకర్ర, వెల్లుల్లి, ఎండుమిర్చి, ఇంగువ వేశాను. కరివేపాకు లేదని వేళ్లతో ఆకు ఆకారం గీసి చూపిస్తే, పెరట్లోంచి నూగున్న ఆకేదో తెంపుకొచ్చింది. నూనెలో అప్పడంలా కరకరలాడింది. పోపు చుయ్యిమనగానే ఆమె దగ్గుతూ కిటికీలన్నీ తెరిచింది.

వేడి అన్నంలో వడ్డించాను. అందరూ కలుపుకుని తిన్నారు. తర్వాత రత్తమ్మగారే కంచం ముందుకు తోశారు.

“ఇంకాస్త పొయ్యవే. ఇది పప్పు కాదు, పులుసూ కాదు, ఏమిటే ఇది?”

“పప్పానండి,” అన్నాను.

నవ్వులు! లోరెదానా కూడా కళ్లు తుడుచుకుంటూ రెండోసారి పెట్టించుకుంది. లోపలికెళ్లి వాళ్ల తోట వైను సీసా తెచ్చింది. వాళ్ల కొండ దాటించి బయటెక్కడా అమ్మరట. మొదటి గ్లాసు నాకే పోసింది.

రత్తమ్మగారి భర్త, “తాగమ్మా, ఇవాళ హక్కు నీది,” అన్నారు.

తాగాను. నేరేడుపళ్లు తిన్నట్టు నాలుక పట్టేసింది. వగరు! ఆ పులుపుకీ కారానికీ ఆ వగరు ఎంత బాగా అమిరిందో. ఆ నేలలో పండిన పచ్చికాయా పండూ మా కంచాల దగ్గర కలుసుకున్నాయి.

సుధాకర్ గారు చెయ్యి కడుక్కుంటూ వచ్చారు. “అక్కా, దసరాకి స్పెయిన్ ట్రిప్పుంది.”

“పాత వంటాయన్ని పిలుచుకుంటా అన్నారుగా?”

“ఇంకా దెప్పుతావేంటక్కా! టికెట్టు నీ పేరునే తీస్తున్నా.”

స్పెయిన్ వెళ్లాను, మొన్న మళ్లీ ఇటలీ దక్షిణానికీ వెళ్లొచ్చాను. ఆ సాయంత్రం నాకు తెలిసిందేమిటంటే, కారం మనం సంచిలో మోసుకెళ్లొచ్చు, పులుపు మాత్రం వెళ్లిన చోటే వెతుక్కోవాలి. ఇప్పుడు ఏ ఊళ్లో దిగినా పొయ్యి కంటే ముందు పెరట్లోకి వెళతాను.

అంతేనే సుజాతా. ఏదీ, మొదటి నుంచీ ఒకసారి చదువు, వింటా. నవ్వకుండా చదవాలి.